బూటు అడుగున పల్లేరు కాయ

కేప్‌టౌన్‌లో అంటార్కిటికా విమానం ఎక్కడానికి ముందురోజు సాయంత్రం మమ్మల్నందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి తలా ఒక గుండుసూది, ఒక పట్టకారు చేతికిచ్చారు. బ్యాగుల జిప్పులు, జేబుల మూలలు, లాగితే చర్రుమనే వెల్క్రో పట్టీలు, బూట్ల అడుగున ఉండే గాళ్ళు, వీటిల్లో మట్టి గానీ గింజ గానీ గడ్డిపరక గానీ ఏదుంటే అది ఏరి బయట పెట్టాలి. ఆ తర్వాత వాక్యూమ్ మిషనుతో ఇంకోసారి లాగుతారు. ‘ఏందబ్బా ఇది, పిల్లోళ్ళ తలలో పేలు చూసినట్టు’ అని లోపల్లోపల నవ్వుకున్నా.

నా పాత షూ తిరగేసేదాకానే ఆ నవ్వు. అడుగు గాడిలో ఒక పల్లేరు కాయ. కొన్ని ముళ్ళు విరిగిపోయినా రెండు మాత్రం నిక్షేపంగా రబ్బర్లోకి దిగబడి ఉన్నాయి. మా రొయ్యల గుంటల గట్టు మీద అది కాలికి గుచ్చుకోని రోజు లేదు నాకు. నెల్లూరు నుంచి గోవా, గోవా నుంచి కేప్‌టౌన్, ఇంత దూరం నాతో వచ్చింది, టిక్కెట్టు లేకుండా. పక్కన కూర్చున్న సైంటిస్టు మేడం దాన్ని పట్టకారుతో తేలును పట్టినట్టు పట్టుకుని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగించారు.

“ఆ చలికి ఇది మొలుస్తుందా మేడం?” అన్నా.

“ఇది మొలవదేమో. కానీ మొలిచినవి ఉన్నాయి” అని ఆమె చెప్పుకొచ్చారు. అంటార్కిటికా ఉత్తరపు కొసన కింగ్ జార్జ్ దీవిలో పోలండ్ వాళ్ళ స్టేషను ఉంది. అక్కడ 1985-86 వేసవిలో మామూలు లాన్లలో పెరిగే గడ్డి ఒకటి మొలిచి కనిపించిందట. పేరు పోవా అన్నువా. మనుషుల బూట్లతోనో సామాన్లతోనో వెళ్ళిందే. తర్వాత దాన్ని పీకడానికి ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డారు. అక్కడ సొంతంగా పూసే మొక్కలు రెండంటే రెండే రకాలు. ఈ గడ్డి పోయి వాటి చోట్లో కూర్చుంటుంది. ఆ రాత్రి హోటల్ రూములో షూ మళ్ళీ ఒకసారి తిరగేసి చూసుకున్నా.

ఇదంతా 2022 నవంబరు మాట. నేను సైంటిస్టుని కాదు. డీజిల్ మెకానిక్‌ని. మా ఊరు మైపాడు పోయే దారిలో, ఇందుకూరుపేట మండలంలో ఉంది. నాయన ఒకప్పుడు వరి పెట్టేవాడు. తొంభైల్లో ఊరందరితోపాటు మా రెండెకరాలూ రొయ్యల గుంటలైనాయి. టైగర్ రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలి గుంటలు ఎండబెట్టుకోవడం, 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక మళ్ళీ నీళ్ళు పెట్టడం, ఆ కథంతా మా జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. నేను ఐటీఐ చేసి గుంటల మీద జనరేటర్లు బాగుచేసుకుంటూ బతికా. రొయ్యకి జనరేటరే ఊపిరి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ కరెంటు పోయి, నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగి, జనరేటరు అందుకోకపోతే గంటా రెండు గంటల్లో పంటంతా చచ్చి తేలుతుంది.

నోటిఫికేషన్ సంగతి ఐటీఐలో నాతో చదివిన స్నేహితుడు చెప్పాడు. గోవాలో వాస్కో దగ్గర ఎన్‌సీపీఓఆర్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మన దేశపు అంటార్కిటికా యాత్రలన్నీ నడిపేది వాళ్ళే. శాస్త్రవేత్తలతోపాటు జనరేటర్ మెకానిక్, వెహికల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, వంటవాళ్ళు, డాక్టరు కూడా కావాలి వాళ్ళకి. మనం అంటార్కిటికా అనగానే పెంగ్విన్, సైంటిస్టు అనుకుంటాం గానీ వంట వండేవాడూ, బండి తోలేవాడూ లేకపోతే సైంటిస్టు అక్కడ వారం కూడా బతకడు.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. “అర్ధరాత్రి జనరేటర్ ఆగిపోతే నీ మొదటి పని ఏంటి?” నేను పుస్తకంలో ఉన్న జవాబు మొదలుపెట్టి మధ్యలో ఆపేసి, మా బావ గుంట మీద ఒక వేసవి రాత్రి జరిగింది చెప్పా. ఫ్యూయల్ లైన్లో గాలి పట్టి ఇంజను ఆగితే, టార్చి నోట్లో పెట్టుకుని చేత్తో పంపు కొట్టి గాలి తీసి పది నిమిషాల్లో స్టార్టు చేసిన సంగతి. “ఆలస్యమైతే ఏమయ్యేది?” అన్నారు. “ఆరు లక్షల రొయ్యలు చచ్చేవి సార్” అన్నా. ఆయన నవ్వి పక్కాయన వైపు చూశారు. ఉద్యోగం అక్కడే వచ్చిందని నా నమ్మకం.

తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో మెడికల్. రక్తం, గుండె, కళ్ళు, ఎక్స్‌రేలు అన్నీ చూశారు. పుచ్చిన దవడపన్ను ఒకటుంటే పీకించుకుని రమ్మన్నారు, చలికాలంలో పంటి నొప్పి వస్తే విమానం రాదు గనక. మానసిక పరీక్ష వేరే. అవును కాదు అని టిక్కులు పెట్టే ప్రశ్నలు వందల్లో ఉన్నాయి. ‘మీ వెనక ఎవరో మాట్లాడుకుంటున్నారని అనిపిస్తుందా’ అని ఒకటి. మా ఊళ్ళో పుట్టినవాడికి అది అనిపించడం కాదు, నిజమే. అయినా ‘కాదు’ అని కొట్టేశా.

ఆ తర్వాత ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైన ఔలిలో ఐటీబీపీ, అంటే టిబెట్ సరిహద్దు కాసే పోలీసు దళం, వాళ్ళ శిక్షణ. నడుముకి తాళ్ళు కట్టుకుని మంచు మీద నడవడం, పగుళ్ళలో పడినవాణ్ణి పైకి లాగడం, మంటలార్పడం. రోహిణి కార్తెలో పుట్టి పెరిగిన ఒళ్ళు నాది, మొదటి రెండ్రోజులు బూట్ల లేసులు కట్టుకోవడానికే అరగంట పట్టేది. ఆ నెలలు ఇంతకంటే చెప్పుకోదగ్గవి కావు.

చెప్పుకోదగ్గది గోవాలో ఇచ్చిన క్లాసు. మేం వెళ్ళిన ఏడాదే, 2022 ఆగస్టులో, మన దేశం అంటార్కిటికా చట్టం చేసింది. అంతకుముందు అంతర్జాతీయ ఒప్పందాలే ఆధారం. 1959లో 12 దేశాలు కలిసి రాసుకున్న అంటార్కిటికా ఒప్పందం, 1991లో మాడ్రిడ్‌లో కుదిరి 1998 నుంచి అమలవుతున్న పర్యావరణ ప్రోటోకాల్. ఆ క్లాసులో చెప్పిన ఒక ముక్కకి నేను ఉలిక్కిపడ్డా: ప్యాకింగ్‌కి వాడే థర్మకోల్ పూసల్లాంటివి ఆ ఖండానికి తీసుకురాకూడదు. పురుగుమందులు రాకూడదు. శుద్ధి చెయ్యని మట్టి రాకూడదు. అంటే మా ఊళ్ళో గట్టు మీద నిలబడితే కంటికి కనిపించే మూడూ అక్కడ నిషేధం. రొయ్యల్ని ఐసు వేసి థర్మకోల్ డబ్బాల్లో పంపేదే మా బతుకు. విరిగిన డబ్బాల తెల్ల పూసలు కంచె ముళ్ళకి, కాలవ గట్టుకి ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. చిన్నప్పుడు దాన్ని మేం మంచు అని ఆడుకునేవాళ్ళం. నిజం.

పాఠం చెప్పినాయన ఆ ఖండం ఎవరిదీ అని అడిగితే నేను “అందరిదీ” అన్నా. ఏడు దేశాలు మాది మాది అని గీతలు గీసుకున్నాయి, ఒప్పందం ఆ గొడవని ఎక్కడిదక్కడ ఆపేసింది, ఎవరి వాదన వాళ్ళదే, ఎవరూ కొత్తగా అడగకూడదు అన్నారాయన. నాకు వెంటనే మా ఊరి చెరువు పోరంబోకు గుర్తొచ్చింది. పట్టా ఎవరికీ లేదు. అందరూ ఏటా గట్టు ఒక అడుగు లోపలికి జరుపుతారు. అక్కడ అలా జరక్కుండా ఉండటానికి ఓటున్న 29 దేశాలూ ఒక మాట మీద ఉండాలి. ఒక్కడు తల అడ్డంగా ఊపినా పని ఆగిపోతుంది.

కేప్‌టౌన్ నుంచి ఇల్యూషిన్ రవాణా విమానంలో ఆరు గంటల ప్రయాణం. నీలి మంచు మీదే రన్‌వే. అక్కడి నుంచి బండ్లలో మైత్రి స్టేషను. 1989 నుంచి ఉందది, షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి నేల మీద. మొత్తం 35 చదరపు కిలోమీటర్లు, ఒక పెద్ద మండలంలో పదో వంతు కూడా కాదు. వందకు పైగా చిన్న చెరువులున్నాయి అందులో. అంటార్కిటికాలో మంచు కప్పని నేల నూటికి ఒక వంతు కూడా లేదు. ఆ కాస్త నేల మీదే నాచూ, పక్షుల గూళ్ళూ, చెరువులూ. మనుషులు స్టేషన్లు కట్టుకునేదీ అక్కడే, పునాది నిలవాలి కదా. మనకి పక్కనే రష్యా వాళ్ళది ఉంది. డబ్బున్నవాళ్ళు విమానాల్లో వచ్చి నాలుగు రోజులుండి పోయే విడిదీ ఆ ఒయాసిస్సులోనే ఉంది. ఖండం చూస్తే ఇండియాకి నాలుగింతలు. ఇరుకు మాత్రం మా సంతపేట బజారంత.

మొదటి వేసవి అంతా పనే. ఓడ వచ్చే మంచు అంచు నుంచి స్టేషనుకి వంద కిలోమీటర్లకు పైనే. గొలుసు చక్రాల బండ్లు ఇంధనం ట్యాంకుల్ని స్లెడ్జిల మీద లాక్కొస్తాయి. మన డీజిలు ఆ చలికి మైనంలా గడ్డకడుతుంది కాబట్టి విమానాలకు పోసే రకం ఇంధనమే జనరేటర్లకీ పోస్తాం. దారిలో ఒంటికీ రెంటికీ డ్రమ్ములే. వాటికీ మూతలు బిగించి వెనక్కి మోసుకురావాలి. ఆ డ్రమ్ము దించే వంతు నాకు వచ్చినరోజు అమ్మకి ఫోన్లో చెప్తే, “దీనికా నాయనా అంత దూరం పోయింది” అంది.

ఇక నా తప్పు సంగతి. ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం డ్రమ్ము నుంచి జనరేటర్ డే ట్యాంకులోకి ఇంధనం తోడుతున్నా. హోసు మెడ దగ్గర రబ్బరు చలికి పెళుసెక్కి ఉంది, అది చూసుకోవాల్సింది నేనే. గాలి పెద్దగా ఉండటంతో చెవులకి టోపీ లాక్కున్నా, చప్పుడు వినపడలేదు. తలతిప్పి చూసేసరికి రాళ్ళ మీద తడి మెరుస్తోంది. రెండు లీటర్లు, మహా అయితే రెండున్నర. మా ఊళ్ళో అయితే కాలితో కాస్త మట్టి తోసి పని చూసుకుంటాం. నిజానికి పాత ఇంజనాయిలు గట్టు మీద కావాలనే పోస్తాం, కలుపు చస్తుందని. నా చెయ్యి అలవాటుగా రాళ్ళు తొయ్యడానికి పోయింది కూడా. వెనక నుంచి లీడర్ గారు, “ఆగు, అడుగు కదపకు” అన్నారు.

అరవలేదాయన. ఆ మనిషి ఎప్పుడూ అరవడు. నూనె పీల్చే తెల్ల గుడ్డలు తెచ్చి పరిచారు. నలుగురం పారలు, గునపం పట్టుకున్నాం. గడ్డకట్టిన కంకర అది, గునపం వేస్తే టంగుమని వెనక్కి తన్నేది. తడి ఎక్కడిదాకా దిగిందో ముక్కుతో వాసన చూసి కనిపెట్టి అంత లోతూ తవ్వాలి. చేతి తొడుగులు తీస్తే వేళ్ళు మొద్దుబారతాయి, తీయకపోతే చిన్న రాయి పట్టు దొరకదు. అయిదు గంటలు పట్టింది. రెండు లీటర్లకి డ్రమ్మున్నర కంకర లేచింది. మూతలేసి, తూకం వేసి, తేదీ రాసి, నా పేరు రాసి, వెనక్కి పోయే ఓడ సరుకు వరసలో పెట్టారు. ఆ రాత్రి రిపోర్టు కూడా నాతోనే రాయించారు.

పడుకునే ముందు లీడర్ గారిని అడిగా, “రెండు లీటర్లకి ఇంత ఎందుకు సార్?” అని. కిటికీలోంచి కింద ప్రియదర్శిని చెరువు చూపించారు. మేం తాగే నీళ్ళు అవే. నేల వాలు అటే. “మీ ఊళ్ళో నూనె పడితే ఎండకి, వానకి, పురుగులకి కొన్నాళ్ళకి విరిగిపోతుంది. ఇక్కడ అవేవీ లేవు. నువ్వు పోసింది నీ మనవడు వచ్చి చూసుకోవచ్చు.” అది ఉత్త మాట కాదని తర్వాత ఆదివారాల నడకలో తెలిసింది. గాలికి ఎగిరిపోయిన చెత్త ఏరడానికి గోతాలు పట్టుకుని పోయేవాళ్ళం. రాళ్ళ సందులో ఒక మేకు దొరికింది. ఎప్పటిదో తెలియదు, మా స్టేషను కట్టినప్పటిదే అయితే నా చిన్నప్పటిది. ఉప్పుగాలికి మా మైపాడులో ఏడాది ఆగని మేకు, అక్కడ తలకాయ మెరుస్తూ పడుంది.

పొగ సంగతి ఇంకా నన్ను వదల్లేదు. ఇంజను మంచిగా నడిస్తే మెకానిక్‌కి గర్వం. కానీ ఎంత మంచి ఇంజనైనా మసి వదుల్తుంది, మసి తెల్లటి మంచు మీద పడితే ఎండని లాక్కుంటుంది, మంచు తొందరగా కరుగుతుంది. గాలి వాటున స్టేషనుకి ఒక పక్క మంచు బూడిద రంగులో ఉండేది, అది నా ఇంజన్ల సంతకమే. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో లెక్క వేశారు: ఓడల్లో వచ్చే పర్యాటకుల విషయంలో ఈ మసి వల్ల మనిషికి సుమారు 83 టన్నుల మంచు ముందుగా కరుగుతోందట. అలా వచ్చేవాళ్ళు ఇప్పుడు ఏడాదికి లక్షకు పైనే, ఎక్కువమంది దక్షిణ అమెరికా వైపున్న ద్వీపకల్పానికి. మా లెక్క ఎవరూ వెయ్యలేదు. రోజంతా, ఏడాదంతా జనరేటరు తిప్పే మాకు ఎంత పడుతుందోనని ఒకరాత్రి డ్యూటీలో కాయితం మీద వెయ్యబోయి మానేశా.

మే మూడో వారంలో సూర్యుడు పోయాడు. దాదాపు రెండు నెలలు రాలేదు. పాతిక మంది లోపే ఉంటాం, ఒకడి దగ్గు ఇంకొకడికి తెలుసు. మధ్యాహ్నం వేళ ఉత్తరాన కాస్త ఎర్రజీర, మళ్ళీ చీకటి. మంచు తుఫాను వస్తే జనరేటర్ షెడ్డుకి తాడు పట్టుకునే పోవాలి. కరెంటు ఆగితే ముందు పైపులు గడ్డకడతాయి, తర్వాత మేం. గుంట మీద రొయ్యలకి కాపలా ఉన్నట్టే, ఈసారి రొయ్య నేనే. అమ్మ కట్టిచ్చిన కారప్పొడి జూన్‌లోనే అయిపోయింది, దానికి కారణం కేరళ వంటాయన. ఆయన ఉప్మాలో కూడా అదే చల్లేవాడు.

ఆ చీకట్లోనే సముద్రం మీద మంచు పేరుకోవడం లేదన్న వార్త వచ్చింది. ఏటా చలికాలంలో ఖండం చుట్టూ సముద్రం గడ్డకట్టి సెప్టెంబరుకి నిండా పరుచుకుంటుంది. 2023లో అది సుమారు 1 కోటి 70 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. 1979 నుంచి ఉపగ్రహాలు చూస్తున్న లెక్కల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. అంతకుముందు రికార్డు కంటే పది లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ, అంటే ఆంధ్రప్రదేశ్ లాంటివి ఆరు మాయమైనట్టు. మా కంటికి మాత్రం ఏమీ తేడా తెలియలేదు. సముద్రం నుంచి వంద కిలోమీటర్లు లోపలికి, చుట్టూ మంచే ఉన్నవాడికి మంచు తగ్గిందని ఫోన్లో వార్త చదివితే వింతగా ఉంటుంది. మా నాయన ఫోన్ చేసి, “ఆడ మంచు అయిపోతా ఉందంట కదరా, పేపర్లో వేశారు” అన్నాడు. నేను కిటికీలోంచి చూసి, “ఉంది నాయనా, ఇంకా ఉంది” అన్నా.

ఆ మంచు మీదే ఎంపరర్ పెంగ్విన్లు పిల్లల్ని పెంచుతాయి. 2022 చివర్లో బెల్లింగ్స్‌హాసెన్ సముద్రం దగ్గర అయిదు గుంపుల్లో నాలుగింటికి పిల్లలు దక్కలేదని 2023లోనే బయటపెట్టారు. పిల్లలకి నీళ్ళు అంటని ఈకలు రాకముందే కింద మంచు విరిగిపోయింది. ఇదంతా స్టేషను లైబ్రరీలో టీ తాగుతూ మేడం చెప్పిన విషయమే, నేను చూసింది కాదు. నేను చూసిన పక్షులు స్కువాలు. గద్దలా ఉంటుంది, కాకిలాంటి బుద్ధి. వేసవిలో వంటింటి తలుపు ముందు నిలబడి మనవైపే చూస్తుంది. దానికి మెతుకు వెయ్యకూడదు. మా అమ్మ పిండం పెట్టిన కాకిని కూడా అంత సేపు నిలబెట్టదు. మొదటివారం నాకు చాలా కష్టమైంది.

రెండో వేసవికి ఆ స్కువాల గురించే కొత్త ఆదేశాలొచ్చాయి. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోవద్దు, ఫొటో తీసి చెప్పండి. బర్డ్ ఫ్లూ 2023 అక్టోబరులో దక్షిణ జార్జియా దీవి దాకా వచ్చింది, స్కువాలతోనే. నేను జనవరి చివర్లో బయల్దేరి, గోవాలో సామాను అప్పగించి, ఫిబ్రవరిలో నెల్లూరు రైల్వే స్టేషన్లో దిగా. ఇంట్లో కోడికూర ఉంటుందని ఆశ. చూస్తే మా జిల్లాలోనే, పొదలకూరు, కోవూరు మండలాల్లో, కోళ్ళకి బర్డ్ ఫ్లూ. చికెన్ దుకాణాలు మూతేశారు. అదే నెలాఖరుకి అంటార్కిటికా ద్వీపకల్పంలో చచ్చిన స్కువాల్లో వైరస్ తేలిందని చదివా. పదిహేను నెలలు ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొస్తే, వదిలొచ్చిన కబురే గుమ్మంలో ఉన్నట్టనిపించింది. చేపల పులుసుతో సరిపెట్టుకున్నా. అదీ తక్కువేం కాదు.

ఊళ్ళో టీకొట్టు దగ్గర నన్ను అడగని ప్రశ్న లేదు. ఎక్కువమంది అడిగేది బంగారం, పెట్రోలు గురించి. “2048 దాకే కదన్నా, ఆ తర్వాత తవ్వుకోవచ్చంట?” అని ఒక కుర్రాడు. కాదబ్బయ్యా, 2048కి గడువేం తీరిపోదు, గనుల నిషేధం అలాగే ఉంటుంది. 1998 నుంచి యాభై ఏళ్ళకి, ఓటున్న దేశమేదైనా అడిగితే ప్రోటోకాల్ మీద సమీక్ష సమావేశం పెట్టొచ్చు, అంతే. అక్కడ మార్పు రావాలన్నా సవాలక్ష షరతులు. అంత చెప్పినా, “అంటే తవ్వొచ్చన్నమాట” అని టీ గ్లాసు పెట్టేసి పోయాడు.

గనులు కాదు గానీ, ఆ సముద్రంలోంచి తీసేది ఒకటి మా గట్టు దాకా వస్తోందని నాకు తెలిసింది మాత్రం ఇంటికొచ్చి చాన్నాళ్ళకి. క్రిల్ అంటారు. వేలంత ఉండే రొయ్యలాంటి జీవి. మంచు అడుగున పెరిగే పాచి తిని దాని పిల్లలు బతుకుతాయి. తిమింగలాలు, పెంగ్విన్లు, సీళ్ళు, అన్నిటి కడుపూ దాని మీదే. పెద్ద పెద్ద ఓడలు దాన్ని లాగి పిండి చేస్తాయి. ఆ పిండి చేపల, రొయ్యల మేతల్లో కలుపుతారు, ఆ వాసనకి రొయ్య త్వరగా మేతకొస్తుంది. ద్వీపకల్పం వైపు సముద్రంలో ఏడాదికి 6,20,000 టన్నుల దగ్గర ఆపాలని హద్దు ఉంది. వేట అంతా ఒకేచోట పడకుండా ఆ హద్దుని ప్రాంతాల వారీగా పంచే నియమం ఒకటుండేది. దాని గడువు 2024లో తీరిపోయింది, కొనసాగించడానికి దేశాలు ఒక మాట మీదకి రాలేదు. మరుసటి ఏడు, 2025 ఆగస్టుకే, సీజన్ ఇంకా దాదాపు నాలుగు నెలలుండగానే మొత్తం హద్దు తాకేసి వేట ఆపాల్సొచ్చింది. మళ్ళీ మా చెరువు పోరంబోకే.

మా బావ గుంట మీద మేత సంచి తిరగేసి చదువుతుంటే కనబడింది, చిన్న అక్షరాల్లో, క్రిల్ మీల్ అని. ఆ సంచి మీద కూర్చుని నేను ఎన్నేళ్ళు అన్నం తిన్నానో.

“ఇది ఏడ నుంచి వస్తుందో తెలుసా బావా?” అన్నా.

“వైజాగో, భీమారమో” అన్నాడు.

చెప్పా. మొత్తం విన్నాడు. బావ మంచివాడే, కానీ లెక్క మనిషి. “అయితే ఇది లేని మేత వేస్తే రొయ్య తినదా?” అన్నాడు. తింటుంది గానీ నిదానంగా తింటుందేమో అన్నా, నాకు తెలిసింది అంతే గనక. ఆ మాటకి ఇంకో కంపెనీ సంచి, క్రిల్ పేరు లేనిది, ఒకటి తెప్పించాడు. పాత ఇంజనాయిలుకి నేను గట్టు మీద పెట్టిన డ్రమ్ము గురించి కూడా మొదట్లో ఇలాగే వెక్కిరించాడు. ఇప్పుడు పక్క గుంటల వాళ్ళు కూడా అందులోనే పోస్తున్నారు, నెలకోసారి పాతనూనె కొనేవాడొచ్చి పట్టుకుపోతాడు.

నిన్న పొద్దున రొయ్య ఎంత తిందో చూసే చెక్ ట్రేలు రెండు గుంటలోకి దింపాం, ఒక దాంట్లో పాత మేత, ఇంకో దాంట్లో కొత్తది, రెండూ ఒకే తూకం. రెండు గంటలకి తీశాం. పాతది నున్నగా ఖాళీ. కొత్తదాంట్లో ఓ గుప్పెడు కంటే తక్కువే మిగిలింది. నాలుగు రొయ్యలు ఇంకా ట్రేలోనే ఉండి, మేం పైకి లేపుతుంటే కూడా తింటున్నాయి. బావ ఆ మిగిలిన మేతని రెండు వేళ్ళతో నలిపి వాసన చూశాడు. తర్వాత రొయ్యని ఒకదాన్ని ఎండకి ఎత్తి పేగు నిండిందో లేదో చూశాడు. నిండే ఉంది.

“ఇంకో వారం చూద్దాంలే” అని ట్రే మళ్ళీ నీళ్ళలోకి దించాడు.